ఆన్‌లైన్ పాఠాలకు లెక్చరర్లు: రెండు రోజుల వర్క్‌షాప్ సరిపోద్దా?

కావలి_కామర్స్

అందరికీ నమస్కారం. కావలి దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పద్నాలుగేళ్లుగా అకౌంట్స్ చెప్తున్నాను. వచ్చే సెమిస్టర్ నుంచి ప్రతి పేపర్‌లో కొంత ఆన్‌లైన్‌లో చెప్పాలని మా మేనేజ్‌మెంట్ నిర్ణయించింది. ఒక్కో కోర్సులో 40 శాతం దాకా ఆన్‌లైన్‌లో చెప్పొచ్చని 2021లో యూజీసీ (యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) అన్నది కదా, దాన్ని చూపిస్తున్నారు. అక్కడ "చెప్పొచ్చు" అని ఉన్నది మా నోటీసు బోర్డు మీదికొచ్చేసరికి "చెప్పాలి" అయింది.

దీనికి మాకిచ్చిన సాయం రెండు రోజుల వర్క్‌షాప్. పోయిన వారం అయిపోయింది. సర్టిఫికెట్లు ఇచ్చారు, గ్రూప్ ఫోటో దిగాం. స్లైడ్ ఎట్లా చేయాలి, స్క్రీన్ షేర్ ఎక్కడుంది, క్విజ్ లింక్ ఎట్లా పంపాలి, అన్నీ చెప్పారు. నా పాఠం సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

కొత్త భాగస్తుడు చేరే లెక్క తీసుకోండి. ముందు ఆస్తుల విలువ మళ్లీ కట్టే రీవాల్యుయేషన్ అకౌంట్, తర్వాత క్యాపిటల్ అకౌంట్లు, ఆఖర్న బ్యాలెన్స్ షీట్. బోర్డు మీద ఒక్కో ఎంట్రీ రాస్తూ మధ్యలో ఆగుతాను. "బిల్డింగ్ విలువ పెరిగింది, ఇది ఎటు వైపు, డెబిటా క్రెడిటా?" అని వెనక బెంచీ వైపు చూస్తాను. ఆ ఆగిన అర నిమిషంలోనే పిల్లలు నేర్చుకునేది. అదే లెక్క స్లైడ్ మీద మొత్తం ఒక్కసారిగా పడితే దించుకుంటారు, అంతే. ఈ ఆగడం ఆన్‌లైన్‌లో ఎట్లా అని అడిగితే ట్రైనర్ యానిమేషన్ పెట్టమన్నాడు.

నా లెక్కన మాకు కావాల్సింది ఇంకో వర్క్‌షాప్ కాదు. టైమ్ కావాలి, పక్కన కూర్చుని చూపించే మనిషి కావాలి. మీరేమంటారు?

ఒంగోలు_ఫిజిక్స్

సార్, తప్పుగా అనుకోవద్దు. ఐఐటీల వీడియో పాఠాలుండే ఎన్‌పీటీఈఎల్ మొదలై ఇరవై ఏళ్లు దాటింది, 2003 నాటిది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం 2017లో వచ్చింది. ఐఐటీ ప్రొఫెసర్లు ఎట్లా చెప్తున్నారో ఉచితంగా చూడొచ్చు. మనలో ఎంతమంది ఒక్క కోర్సైనా మొదట్నుంచి చివరిదాకా చూశారు? నేను ఓబీఎస్ (స్క్రీన్ రికార్డు చేసే సాఫ్ట్‌వేర్) యూట్యూబ్‌లో చూసి ఒక్క రాత్రిలో నేర్చుకున్నా. పక్కన కూర్చోబెట్టి చేయి పట్టి దిద్దించాలంటే మనం లెక్చరర్లమా, ఎల్కేజీ పిల్లలమా?

కావలి_కామర్స్

ఆ ఒక్క రాత్రి మీకుంది సార్. యూజీసీ 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన అని ఉంది. నేను 24 గంటలు చెప్తున్నా. దాని మీద అడ్మిషన్ల సీజన్‌లో ఊరూరూ తిరగడం ఒకటి. ఎన్‌పీటీఈఎల్ పాఠం వెనక స్టూడియో ఉంది, కెమెరా పట్టుకునే మనిషున్నాడు, ఎడిట్ చేసేవాడున్నాడు. నా వెనక మా ఇంట్లో ఫ్యాను మోత ఉంది.

గంటల_మేడం

నేను గెస్ట్ లెక్చరర్‌ని. గంటకింత అని ఇస్తారు, సెలవులకు ఏమీ ఉండదు. మీరంతా ఎట్లా నేర్పాలని మాట్లాడుకుంటున్నారు, నా బాధ వేరు.

కోవిడ్‌లో ఒక కాలేజీకి (పేరెందుకులెండి) జువాలజీ మొత్తం 28 వీడియోలు చేసిచ్చాను. మా బాబు నిద్రపోయాక రాత్రి పదకొండింటికి వంటింట్లో కూర్చుని రికార్డు చేసేదాన్ని. తర్వాతి ఏడాది వెళ్తే "మీ వీడియోలు ఉన్నాయి కదా మేడం, ఈసారి సగం గంటలు చాలు" అన్నారు. నా గొంతు నా పొట్ట కొట్టింది. ఇప్పుడు ఎవరు ఏ ట్రైనింగ్ ఇస్తానన్నా ముందు ఒకటే అడుగుతా. రికార్డయిన పాఠం ఎవరిది?

ఒంగోలు_ఫిజిక్స్

మేడం, మీ విషయంలో జరిగింది అన్యాయమే. కానీ అది జీతం గొడవ, ట్రైనింగ్ గొడవ కాదు. రెండూ కలిపితే ఏదీ తేలదు.

గంటల_మేడం

మీకు వేరువేరుగా కనపడతాయి సార్, మీది పర్మనెంటు.

ల్యాబ్_తమ్ముడు

పెద్దల మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. నేను లెక్చరర్‌ని కాదు, నెల్లూరులో ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటా. ఆన్‌లైన్ క్లాసంటే అందరి ఫోన్లూ నాకే.

అసలు ఇబ్బంది బద్ధకం కాదన్నా. మొహమాటం. వర్క్‌షాప్‌లో "డౌట్లున్నాయా?" అంటే ఒక్క చెయ్యి లేవదు. ఎందుకు లేస్తుంది? పక్కన నిన్న చేరిన కుర్ర లెక్చరర్ కూర్చోనుంటే, ముప్పై ఏళ్ల సర్వీసున్న సారు మైకు ఎట్లా ఆన్ చేయాలని అడుగుతాడా?

మా తెలుగు సారు ఒకాయన ఉన్నారు. పద్యం ఎత్తుకుంటే కారిడార్‌లో పోయేవాళ్లు నిలబడిపోతారు. ఆయన నాలుగున్నరకి అందరూ వెళ్లాక ల్యాబ్‌కొచ్చి, తలుపు దగ్గరగా వేసి, "ఈ మ్యూట్ సంగతేంది నాయనా, నలభై నిమిషాలు చెప్పాను, ఒక్కడూ వినలేదంట" అన్నారు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. వారం రోజులు సాయంత్రం పావుగంట కూర్చున్నాం. స్లైడ్ల జోలికి పోలేదు. పుస్తకం కెమెరా కింద పెట్టి, పద్యంలో ఒక్కో పదం కింద పెన్సిల్ పెడుతూ చెప్పమన్నా. ఇప్పుడు మా కాలేజీలో పిల్లలు ఎక్కువగా ఉండేది ఆయన క్లాసులోనే.

నాకు దీనికి ఎక్స్‌ట్రా ఏమీ ఇవ్వలేదు. అది వేరే కథ.

కొండకింద_బీఎస్సీ

నేను స్టూడెంట్‌ని. ఉదయగిరి వైపు పల్లె మాది. మా సంగతి కూడా కొంచెం వినండి సార్. మా ఇంట్లో సిగ్నల్ రాదు, వాటర్ ట్యాంక్ మెట్లెక్కితే వస్తుంది. రోజుకు ఒకటిన్నర జీబీలో సగం మా తమ్ముడిది. గంట వీడియో అంటే నా వాటా అక్కడికే అయిపోతుంది. ఇరవై నిమిషాల ఆడియో, రాసిన నోట్స్ ఫోటోలు పంపితే చాలు. ఆడియో పది ఎంబీ కూడా ఉండదు.

ఇంకో మాట. 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీష్ మీడియమే కదా. క్లాసులో మా మేడం ఇంగ్లీషులో చదివి, ఆ వెంటనే తెలుగులో విడమరిచి చెప్తారు. పాఠం బుర్రకెక్కేది అప్పుడే. రికార్డింగ్ అనేసరికి మొత్తం ఇంగ్లీషే. అడిగితే "ప్రిన్సిపాల్ గారు కూడా చూస్తారమ్మా" అన్నారు. మాకోసం చెప్పే పాఠం ఇంకెవరికోసమో చెప్పినట్టుంది.

కావలి_కామర్స్

అమ్మాయ్, ఈ మాట నాకు గట్టిగా తగిలింది. నేనూ అదే చేశా. కెమెరా కనపడగానే నోట్లోంచి పుస్తకం ఇంగ్లీషు వచ్చేస్తుంది.

పెన్న_ఒడ్డు

రిటైరై ఎనిమిదేళ్లయింది, వయసు మీద పడ్డా అలవాటు పోక చదువుతుంటాను. మీరంతా ఇది కొత్త సమస్య అనుకుంటున్నారు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన దగ్గరే, 1982లో పెట్టారు. ఇప్పుడు అంబేద్కర్ పేరు మీద ఉంది. నేను ఆదివారాలు దాని స్టడీ సెంటర్లో కౌన్సెలర్‌గా, అంటే సందేహాలు తీర్చేవాడిగా పనిచేశాను. ఆ పాఠాలు ఒక్కడి చేతి పని కాదు నాయనా. రాసేవారు ఒకరు, సరిచూసేవారు ఇంకొకరు. అర్థం కానిది ఆదివారం మా దగ్గరికొచ్చి అడిగేవారు. దూరం నుంచి చెప్పే చదువుకు చాలా చేతులు కావాలని నలభై ఏళ్ల కిందటే తెలుసు. ఇప్పుడేమో ఆ చేతులన్నీ ఒక్క లెక్చరర్‌వే కావాలంటున్నారు, పైగా ఫోన్ కూడా ఆయనదే.

2020 మార్చిలో అమెరికాలో చార్లెస్ హాడ్జెస్, ఇంకో నలుగురు కలిసి ఒక వ్యాసం రాశారు. ఆపద వేళ హడావుడిగా ఆన్‌లైన్‌కు మారడం వేరు, ఆలోచించి తయారుచేసిన ఆన్‌లైన్ చదువు వేరు అన్నారు. పూర్తి ఆన్‌లైన్ కోర్సు ఒకటి సిద్ధం చేయడానికి మామూలుగా 6 నుంచి 9 నెలలు పడుతుందట. చెప్పేవాళ్లకు చేయి తిరిగేది రెండోసారో మూడోసారో. మీకు రెండు రోజులిచ్చారు.

గంటల మేడం గారూ, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకుంటే మొదటి హక్కు యజమానిదే అని 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్‌లో ఉంది. గంటల లెక్కన పనిచేసేవారు ఆ "ఉద్యోగం" కిందికి వస్తారా అన్నది వాదించదగ్గ విషయమే. కోర్టుకు పోయేకంటే రికార్డు బటన్ నొక్కకముందే కాగితం రాయించుకోవడం తేలిక.

ఒంగోలు_ఫిజిక్స్

మాస్టారూ, ఆరు నెలలు ఎవరిస్తారు? అది వచ్చేదాకా ఆగితే ఏదీ మొదలవదు. నేర్చుకునే పూచీ మనదే అన్న మాట మీద నేను ఇప్పటికీ ఉన్నా. కాకపోతే ల్యాబ్ తమ్ముడు చెప్పినది కాదనలేను. మా డిపార్ట్‌మెంట్‌లో నన్ను ఎవరూ ఏమీ అడగకపోతే అందరికీ వచ్చేమో అనుకున్నా. బహుశా నన్ను అడగడం ఇష్టం లేకేమో.

ల్యాబ్_తమ్ముడు

మీరు ఎల్కేజీ అంటే ఎవరు అడుగుతారన్నా!

కావలి_కామర్స్

నిన్న ఒకటి చేసి చూశా. రెండు బియ్యం డబ్బాల మీద అడ్డంగా చెక్క స్కేలు పెట్టి, దాని మీద ఫోన్ బోర్లించి, కెమెరా కింద లెడ్జర్ కాగితం పెట్టాను. ఒక్కో ఎంట్రీ రాసి, "ఇక్కడ పాజ్ చేసి మీరు రాయండి, తర్వాత నాది చూడండి" అన్నా. తెలుగులోనే అన్నా. పన్నెండు నిమిషాలొచ్చింది. మూడో ఎంట్రీ దగ్గర స్కేలు జారి ఫోన్ కాగితం మీద పడింది. అది కూడా కోయకుండా పంపాను, పిల్లలకు అదే బాగా నచ్చిందంట.

మేనేజ్‌మెంట్‌కు లెటర్ రాస్తున్నా. కొత్తగా ఆన్‌లైన్ పేపర్ చెప్పేవారికి మొదటి సెమిస్టర్‌లో వారానికి నాలుగు గంటలు తగ్గించమని, ల్యాబ్ అసిస్టెంట్‌కు రోజూ ఒక గంట ఈ పనికే కేటాయించి దానికి డబ్బు ఇవ్వమని.

గంటల_మేడం

హక్కు సంగతి రాశారా సార్?

కావలి_కామర్స్

మూడోది అదే మేడం. రెండు చదివి పక్కన పడేస్తారేమోనని ఇప్పుడే పైకి మార్చా.