కంప్యూటర్ సౌండ్లు ఉంచాల్నా, మ్యూట్ కొట్టేయాల్నా?

టవర్‌క్లాక్_డీటీపీ:
అన్నలూ, అనంతపురం టవర్ క్లాక్ కాడ మాది చిన్న డీటీపీ షాపు, నాలుగు సిస్టమ్‌లు. పొద్దన్నుంచి ఠంగ్ ఠంగ్ అని ఒకటే మోత, విసుగొచ్చి పోయిన వారం అన్నిట్లో మ్యూట్ కొట్టేసినా. రెండో రోజే మా పిల్లోడు పెళ్లి కార్డు ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేస్తాంటే అది లూజై ఊడింది, ఎర్రర్ బాక్సు మేము కార్డు కొట్టే పేజ్‌మేకర్ కిటికీ వెనక దాక్కునింది, వాడు చూసుకోకుండా పీకి ఇచ్చేసినాడు. పార్టీ ప్రెస్సుకు పోయి తెరిస్తే ఫైలు తెరుచుకోల్యా. సౌండు ఉంటే తెలిసేది గదా అని వాడు నామీదే ఎగురుతాండాడు. మీరేమంటారు?

హెడ్‌ఫోన్_బాధితుడు:
మ్యూటే కరెక్ట్. మా హాల్లో ఒకరి సిస్టమ్ ఠంగుమంటే పదిమంది తలెత్తి మాదేమో అని చూసుకుంటారు. మైక్రోసాఫ్టోళ్లే 2012లో విండోస్ 8లో స్టార్టప్ సౌండు ఆపి పెట్టినారు. మీవాడు స్క్రీన్ చూసింటే అయిపోయేది.

బురుజుకాడ_రిపేరు:
2021లో విండోస్ 11లో మళ్లా తెచ్చిందీ వాళ్లే, అది చెప్పవేందప్పా. ఆ మాటొదిలేయ్, నాకు చెవితోనే పని. డిస్‌ప్లే రాని సిస్టమ్ వచ్చిందనుకో, ర్యామ్ పీకేసి ఆన్ చేస్తా. బీప్ బీప్ అని అరిస్తే బోర్డూ ప్రాసెసరూ బతికే ఉన్నట్టు, ర్యామ్ కొనలు రబ్బరుతో రుద్ది పెడితే చానా మటుకు వచ్చేస్తాది. అరవకుంటే అప్పుడుంటాది ఖర్చు. ఇప్పటి క్యాబినెట్లలో చానావాటికి ఆ బీప్ కొట్టే బుల్లి స్పీకరే పెట్టడంల్యా, నేను పాతవాట్లోంచి పీకి డబ్బాలో దాచుకుంటాండా.

కడప_క్లర్క్:
నాకు చూపు లేదు, కడపలో క్లర్కు పని చేస్తాండా. ఎన్‌వీడీఏ అని స్క్రీన్ మీదుండేది చదివి వినిపించే ఫ్రీ స్క్రీన్ రీడర్ ఉంది, ఆస్ట్రేలియాలో 2006లో చూపులేని మనిషే మొదలుపెట్టినాడు, దాంతోనే నా పనంతా. అది మాటలు చదవడమే కాదు, ఫైలు కాపీ అవుతాంటే బీప్‌లు కొడతాది, పర్సెంటు పెరిగే కొద్దీ శ్రుతి పెరుగుతా పోతాది, కూ... కీ... అని సన్నబడిందంటే అయిపోవచ్చింది అని నేను లేచి టీకి పోతా. క్యాప్స్ లాక్ సంగతి చూపున్నోళ్లకూ పనికొస్తాది. టాగుల్ కీస్ అని విండోస్‌లోనే ఉంది, నమ్ లాక్ ఐదు సెకన్లు నొక్కిపట్టి వచ్చే బాక్సులో యెస్ (Yes) కొట్టండి, క్యాప్స్ ఆన్ అయితే పైశ్రుతి, ఆఫ్ అయితే కిందిశ్రుతి. పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పు కొట్టి లాక్ చేసుకుని మా సెక్షన్‌లో నన్నే వచ్చి అడుగుతారు, నవ్వొస్తాది.

హెడ్‌ఫోన్_బాధితుడు:
సార్, మీ సంగతి వేరే, ఒప్పుకుంటా. పైకి కిందికి అంటే అర్థముంది. కానీ విండోస్‌లో ప్రింటరాగినా, తప్పు చోట క్లిక్ చేసినా ఇంచుమించు అదే ఠంగ్. దేనికి మోగిందో తెలీనిది మోగి ఏం లాభం?

కడప_క్లర్క్:
ఆ మాట నిజమే తమ్ముడూ. అన్నీ మోగితే నాకూ తలనొప్పే, సగం నేనే తీసేసినా.

టవర్‌క్లాక్_డీటీపీ:
ఇప్పుడే మ్యూట్ తీసేసి, కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్ తెరిచి, సౌండ్స్ ట్యాబులో ఒక్కోదానికీ నన్ (None), అంటే ఏ సౌండూ వద్దని పెట్టుకుంటా వచ్చినా. పెన్‌డ్రైవ్ తగిలేదీ ఊడేదీ, పెద్ద ఎర్రర్ వస్తే మోగే క్రిటికల్ స్టాప్ మాత్రం ఉంచినా. ఊడేది టు-డుమ్ అని కిందికి దిగుతాది, పదిసార్లు పీకి పెట్టి పిల్లోనికి వినిపించినా. ఇంగ కరెంటు పోతే అరిచే యూపీఎస్‌ను ఏం చేయాల్నో రిపేరన్నే చెప్పాల.

బురుజుకాడ_రిపేరు:
దాని జోలికి పోవద్దప్పా, అరవనీ. సేవ్ కొట్టుకో.