డెమో కారు తీసుకోవచ్చా, సెకండ్ హ్యాండే మేలా?
అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం, అమ్మానాన్నల కోసం మాన్యువల్ బలెనో చూస్తున్నాను. ఒక షోరూమ్ వాళ్లు టెస్ట్ డ్రైవ్‌లకు తిప్పిన బండి ఇస్తామంటున్నారు, 9,000 కిలోమీటర్లు తిరిగింది, కొత్తదాని ఆన్‌రోడ్ ధర కంటే లక్షన్నర తక్కువ. దానికంటే ఇంకో లక్ష తక్కువకే ఇక్కడే వైట్‌ఫీల్డ్‌లో ఒకాయన సొంతంగా వాడుకున్న 3 ఏళ్ల బండి వస్తుంది, సర్వీస్ బిల్లులన్నీ ఉన్నాయి.

డెమో బండి లోపల ఇంకా కొత్త వాసనే, కానీ క్లచ్ పెడల్ బాగా పైకొచ్చాక గానీ పట్టుకోవడం లేదు (ప్లేటు అరిగినట్టుంది), ఎడమవైపు ముందు రిమ్ము ఫుట్‌పాత్‌కి ఒరుసుకున్నట్టు గీరుకుపోయి ఉంది. రోజుకో కొత్త చేయి పడ్డ బండి, ఇంజిన్ వేడెక్కకముందే ఎంతమంది లాగించారో అని నా టెన్షన్. పైగా ఆర్సీ షోరూమ్ పేరు మీద ఉంది కాబట్టి నేను సెకండ్ ఓనర్‌నే, వారంటీ కూడా నేను కొన్న రోజు నుంచి కాదు, మొదట్లోనే మొదలైపోయింది. అలాంటప్పుడు లక్షన్నర తగ్గింపు నాకు చాలా తక్కువ అనిపిస్తోంది.

డెమో బండి కొన్నవాళ్లు ఎంతవరకు బేరమాడారు? క్లచ్ ప్లేటు మార్చి ఇమ్మని, ఎక్స్‌టెండెడ్ వారంటీ కలపమని అడిగితే ఒప్పుకుంటారా? డబ్బు కట్టేముందు బండి చూసిపెట్టే నమ్మకమైన మెకానిక్ ఈ చుట్టుపక్కల ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.