మోజెల్ ఒడ్డున బైల్‌స్టైన్: వైన్ తాగనివాళ్లకు అక్కడ ఏముంది?

గుంటూరు_ఫ్రాంక్‌ఫర్ట్:
సెప్టెంబరు చివర్లో అమ్మానాన్నలు జర్మనీకి వస్తున్నారు. మోజెల్ నది ఒడ్డున కోఖెమ్ కోట ఎలాగూ చూపిస్తాను. అక్కడికి దగ్గర్లోనే బైల్‌స్టైన్ అని చిన్న వైన్ ఊరు ఉందని ఆఫీసులో ఒకటే ఊదరగొడుతున్నారు. జనాభా 140 అటూ ఇటూ అట. మా ఇంట్లో ఎవరూ వైన్ ముట్టరు. అమ్మ శాకాహారి, నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. ఆయన ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు కాబట్టి నది ఉంటే చాలు, సంతోషం. ఒక రోజు దానికి కేటాయించవచ్చా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

పాతరాళ్లు:
కేటాయించండి. అయితే ఆ ఊరు అలా పాతగానే ఎందుకు మిగిలిందో తెలుసుకుని వెళ్తే బాగుంటుంది. లేకపోతే ఫోటోలు దిగి వచ్చేయడమే అవుతుంది.

1309లో పట్టణ హక్కులు వచ్చిన ఊరు అది. ఒకవైపు కొండ, మరోవైపు నది, పెరగడానికి జాగా లేదు. 1879లో కోబ్లెంజ్ నుంచి ట్రియర్‌కి రైలు వేసినప్పుడు కోఖెమ్ దగ్గర నది తిరిగే పెద్ద వంపు చుట్టూ పోకుండా 4 కిలోమీటర్ల పైచిలుకు సొరంగం తవ్వి నేరుగా ఎల్లర్‌లో తేలారు. బైల్‌స్టైన్ సరిగ్గా ఆ వదిలేసిన వంపులో ఉంది. రైలు రాలేదు, ఫ్యాక్టరీలు రాలేదు, పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టేంత డబ్బూ రాలేదు. ఇప్పుడు అందరూ "ఎంత బాగా కాపాడుకున్నారో" అంటారు. నాకైతే ఇందులో కాపాడుకోవడం తర్వాతి మాట, ముందు జరిగింది వెనకబడిపోవడం.

పైన ఉన్న మెటర్నిక్ కోటను 1689లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ సైన్యం పడగొట్టింది. మళ్లీ ఎవరూ కట్టలేదు. మీరు స్కూల్లో చదివిన ఆస్ట్రియా చాన్సలర్ మెటర్నిక్ ఈ కుటుంబం వాడే. ఆయన పుట్టింది 1773లో, కోబ్లెంజ్‌లో. ఆయన బిరుదులో బైల్‌స్టైన్ పేరు కూడా ఉంటుంది.

కింద మార్కెట్ చౌకులో పదోవంతు పన్ను వసూలు చేసిన ఇల్లు చూడండి. రైతు పండించినదాంట్లో పదో భాగం అక్కడికి చేరాల్సిందే. ఓపికుంటే కోట దాటి ఇంకాస్త పైకి వెళ్లండి, యూదుల శ్మశానం ఉంది. ఇంత చిన్న ఊళ్లో వాళ్ల ప్రార్థనా మందిరం కూడా ఉండేది. ఆ భవనం ఉంది గానీ ఆ మనుషులు లేరు. టూరిస్టుల్లో చాలామంది కోట దగ్గరే వెనక్కి తిరిగేస్తారు.

రద్దీ_పడదు:
పాతరాళ్లు గారు చెప్పినవన్నీ నిజమే కానీ సెప్టెంబరు వీకెండ్‌లో ఏ శ్మశానమూ ప్రశాంతంగా ఉండదు సార్ :) పడవ దిగే జనం, బస్సు దిగే జనం, బైకుల క్లబ్బులు. మధ్యాహ్నం ఆ సందుల్లో ఒకరినొకరు తోసుకుంటూ నడవాలి. ఊళ్లో మామూలు మనుషుల కంటే హోటల్ గదులే ఎక్కువనిపిస్తుంది. నేనైతే ఎడిగర్-ఎల్లర్‌లో దిగమంటాను. అవే కర్రల చట్రం ఇళ్లు, రైల్వే స్టేషన్ ఉంది, తలుపు ముందు కూర్చుని బఠాణీలు ఒలుచుకునే ముసలమ్మలూ ఉన్నారు. పక్కనే బ్రెమ్ వైపు కాల్మోంట్ కొండ. ప్రపంచంలో అత్యంత నిటారైన ద్రాక్ష తోటల్లో ఒకటి, కొన్నిచోట్ల వాలు 60 డిగ్రీలు దాటుతుంది. కింద నుంచి చూస్తేనే కళ్లు తిరుగుతాయి.

కోతకెళ్లినోడు:
కాల్మోంట్ కాదు గానీ, ఆ చుట్టుపక్కలే ఒక కుటుంబం తోటలో ద్రాక్ష కోతకి వెళ్లాను. మాస్టర్స్ చేసేటప్పుడు. తాగనివాళ్లకు ఏముంది అని అడిగారు కదా, నా దృష్టిలో అసలు చూడాల్సింది ఆ వాలు మీద జరిగే పని.

ట్రాక్టర్ ఎక్కదు. ప్రతి తీగకీ ఒక కర్ర గుంజ. తీగను వంచి రెండు వైపులా గుండె ఆకారంలో కడతారు. మన దగ్గర పందిళ్లు చూసినవాళ్లకి వింతగా ఉంటుంది. వరసలుగా ఇనప తీగలు లాగకుండా విడివిడి గుంజలు ఎందుకంటే, ఆ వాలులో మనిషి పైకీ కిందకే కాదు, అడ్డంగా కూడా నడవగలగాలి. కోసేవాళ్లు బకెట్లు నింపుతుంటే ఒకడు వీపుకి పెద్ద తొట్టి కట్టుకుని మోస్తాడు. నిటారుగా ఉన్న చోట ఒంటి పట్టా మీద పళ్ల చక్రంతో పాకే చిన్న బండి ఉంటుంది. మొదటిసారి దానిమీద కూర్చుని కిందకి దిగినప్పుడు నాకు వచ్చిన టెన్షన్ థీసిస్ డిఫెన్స్‌లో కూడా రాలేదు.

కాళ్ల కింద మట్టి కనపడదు, అంతా పలక రాయి. మార్కాపురం పలకలు పగలగొట్టి కొండంతా చల్లినట్టు ఉంటుంది. మాకు చెప్పిన పెద్దాయన మాట: పగలు ఎండను పట్టి రాత్రికి వదులుతుంది కాబట్టే 50 డిగ్రీల అక్షాంశం దగ్గర కూడా రీస్లింగ్ అనే తెల్ల వైన్ ద్రాక్ష పండుతుంది. నది మీద పడి తిరిగొచ్చే వెలుతురు అదనం. వానకి రాళ్లూ మట్టీ కిందకి జారతాయి. పాత రోజుల్లో వాటిని మళ్లీ బుట్టలకెత్తి పైకి మోసేవాళ్లట. మట్టి నిలబెట్టే గోడలు సున్నం, సిమెంటు లేకుండా ఉత్త రాయి మీద రాయి పేర్చినవి. ఆ సందుల్లో బల్లులు, ఎండలో అపోలో సీతాకోకచిలుకలు. ఈ లోయలో కనిపించే రకం వేరే ఎక్కడా ఉండదట. (సెప్టెంబరుకి సీతాకోకలు ఉండవు, వేసవిలోనే.)

కొండమీద అక్కడక్కడా తుప్పలు పట్టిన మడులు కనిపిస్తాయి. పాడుబడ్డ తోటలు అవి. ఈ పని మేం చెయ్యలేం అంటున్నారు పిల్లలు, తప్పేముంది.

స్టూడెంట్స్‌కి ఒక మాట: వీసా మీద ఏడాదికి 140 పూర్తి రోజుల పని పరిమితి ఉంది, కోత పనీ అందులోనే లెక్క.

గుంటూరు_ఫ్రాంక్‌ఫర్ట్:
@కోతకెళ్లినోడు, ఇది చదివాక అమ్మానాన్నలకి కోత చూపించాలని ఉంది. సెప్టెంబరు చివరికి మొదలవుతుందా?

కోతకెళ్లినోడు:
ముందుగా పండే రకాలు అప్పటికే కోస్తుంటారు. రీస్లింగ్ ఆలస్యం, అక్టోబరు అనుకోండి. పాలకుడి హుకుం వల్లే ఈ లోయలో రీస్లింగ్ పెరిగిందని చెబుతారు. అప్పట్లో ఇక్కడ పాలకుడైన ట్రియర్ ఆర్చిబిషప్ 1787లో నాసిరకం తీగలు పీకేసి మంచివి నాటమని ఆర్డరేశాడు.

లాకుల_వీధి:
ఇరిగేషన్ నాన్నగారు అన్నారు కాబట్టి రాస్తున్నా. కోఖెమ్ నుంచి బైల్‌స్టైన్‌కి బస్సులో కాదు, పడవలో తీసుకెళ్లండి. దారిలో ఫాంకెల్ లాకు వస్తుంది. పడవ లోపలికి వెళ్లడం, వెనక గేటు మూయడం, నీళ్లతో పాటు పడవ పైకి లేవడం, అంతా డెక్ మీద నుంచే చూడొచ్చు. ధవళేశ్వరం లాకులు తెలిసిన మనిషికి అరగంట కబుర్లకి సరిపడా సరుకు.

ఇప్పుడు కనిపించే నిశ్చలమైన మోజెల్ పాత నది కాదు. 1956లో ఫ్రాన్స్, జర్మనీ, లక్సెంబర్గ్ ఒప్పందం చేసుకుని వరసగా ఆనకట్టలు, లాకులు కట్టాయి. 1964లో పెద్ద సరుకు పడవలకి తెరిచారు. దాంతో వరదలు ఆగాయనుకునేరు. 1993 డిసెంబరులో వచ్చిన నీళ్లకి ఈ గట్టు ఊళ్లన్నీ మునిగాయి. గోడల మీద వరద గీతలు, పక్కన సంవత్సరాలు చెక్కి ఉంటాయి. నాన్నగారిని అక్కడ నిలబెట్టి ఫోటో తీయండి. ఊరి ముందు నుంచి అవతలి ఎల్లెంజ్‌కి పంటు కూడా ఉంది, కార్లు ఎక్కించుకుంటుంది. అవతలి గట్టు నుంచే ఊరూ కోటా కలిసి బాగా కనిపిస్తాయి, మోకాళ్లకీ పని లేదు.

పాతరాళ్లు:
మోకాళ్ల సంగతి నేను మర్చిపోయాను. కోటకి ఎక్కుడు ఉంది, గుడికి రాతి మెట్లున్నాయి. కార్మలైట్ సన్యాసుల చర్చి అది, లోపల నల్ల మేరీమాత విగ్రహం. ముప్ఫయ్యేళ్ల యుద్ధంలో స్పెయిన్ సైనికులు తెచ్చారని చెబుతారు. మెట్లు కష్టమైతే అమ్మగారిని పంపి నాన్నగారు కింద నది దగ్గర కూర్చోవచ్చు. ఇంకో రోజు ఉంటే ట్రియర్ మ్యూజియంలో నోయ్‌మాగెన్ వైన్ పడవ చూడండి. రోమన్ల కాలం వైన్ వ్యాపారి సమాధి మీది శిల్పం, సుమారు క్రీ.శ. 220 నాటిది. పీపాలు, తెడ్లు, బోసినవ్వు నావికుడు.

సాంబారు_ట్రియర్:
తిండి సంగతి. ఉల్లిపాయ కేకు శాకాహారం అనుకోకండి, మామూలుగా అందులో బేకన్ ముక్కలు ఉంటాయి, అడిగి తీసుకోండి. బంగాళాదుంపలు, ఛీజు, సలాడ్, బ్రెడ్ ఎక్కడైనా దొరుకుతాయి. వాకిట్లో కొమ్మలగుత్తి వేలాడదీసి ఉంటే రైతు ఇంట్లోనే తాత్కాలికంగా వైన్ అమ్మే చోటు అన్నమాట. ఏడాదిలో 4 నెలలకు మించి తెరవరు. అక్కడ ద్రాక్ష రసం అడగండి, ట్రౌబెన్‌జాఫ్ట్ అనాలి. దుకాణాల్లో కొనే రసం దాని ముందు దిగదుడుపు.

ముఖ్యమైనది: ఆ సీజన్లో ఫెడర్‌వైసర్ అని మబ్బుగా, తియ్యగా ఉండేది గ్లాసుల్లో అమ్ముతారు. చూడ్డానికి జ్యూసే. కానీ పులుస్తున్న కొత్త వైన్, ఆల్కహాల్ ఉంటుంది. పెద్దవాళ్లకి పొరపాటున ఇచ్చేరు. సీసాకి మూత గట్టిగా పెట్టరు. మా రూమ్మేట్ బ్యాగులో పడుకోబెట్టి రైలెక్కాడు, కోబ్లెంజ్ వచ్చేసరికి పాస్‌పోర్టుకి కూడా వైన్ వాసన.

గుంటూరు_ఫ్రాంక్‌ఫర్ట్:
అందరికీ థాంక్స్. వీకెండ్ వద్దు, మంగళవారం సెలవు పెడుతున్నాను. పడవలో వెళ్లి బస్సులో కోఖెమ్‌కి తిరిగొస్తాం. రద్దీ_పడదు గారూ, ఎడిగర్ కూడా కలిపితే ఎక్కువవుతుందా?

రద్దీ_పడదు:
మంగళవారమైతే బైల్‌స్టైన్ ఒక్కటే చాలు, నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నా. చివరి బస్సు టైము మాత్రం దిగగానే స్టాపులో ఫోటో తీసి పెట్టుకోండి, సాయంత్రం తర్వాత బస్సులు పలచబడతాయి.