1951 షెవర్లే పికప్: పాత గేర్‌బాక్సును బాగుచేయాలా, తీసేసి ఐదు గేర్లది వేయాలా?

మూడుగేర్లు:
మా నాన్న నడిపిన బండి. షెవర్లే 3100, 216 ఘనపు అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిను, స్టీరింగు పక్కన గేరు కర్ర. నిలబడి ఉన్నప్పుడు రివర్స్ వేయబోతే పళ్లు కరకరమంటున్నాయి. క్లచ్ వదులుతుంటే బండి మొత్తం వణుకుతోంది. గేర్‌బాక్సును ఎలాగూ దించాలి కాబట్టి దాన్ని పక్కన పడేసి ఐదు గేర్ల టీ5 వేసుకోమని ఒక మిత్రుడి సలహా. మనసు ఒప్పడం లేదు. మీరేమంటారు?

దూరప్రయాణం:
మిత్రుడి మాట వినండి. మీ బండి వెనక ఇరుసు నిష్పత్తి 4.11, అంటే షాఫ్టు 4.11 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. పై గేరు నేరు గేరు, అంటే అందులో ఇంజినూ షాఫ్టూ ఒకే వేగంతో తిరుగుతాయి. గంటకు 80 కిలోమీటర్లు పోవాలంటే ఇంజిను నిమిషానికి దాదాపు 2,500 చుట్లు తిరగాలి. 216లో కనెక్టింగ్ రాడ్ బేరింగులు పోతపోసిన బాబిట్ అనే మెత్తటి లోహం, వాటికి ఆయిలు అందేది ప్రధానంగా చిమ్మడం ద్వారానే. అలాంటి ఇంజినును గంటల తరబడి అరిపిస్తే అది ఎంతకాలం ఉంటుంది? ఐదో గేరుంటే అదే వేగానికి చుట్లు రెండు వేల దరిదాపుకు దిగుతాయి. నాన్నగారి ఇంజిను బతకాలంటే నాన్నగారి గేర్‌బాక్సును వదులుకోవాలి.

పాతఇనుము:
లెక్క బాగానే ఉంది, మిగతా సగం చెప్పలేదు. 3100లో ప్రొపెల్లర్ షాఫ్టు, అంటే గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసును తిప్పే కడ్డీ, ఒక గొట్టంలో మూసి ఉంటుంది. చక్రాలు బండిని ముందుకు తోసే బలం ఆ గొట్టం గుండానే వచ్చి గేర్‌బాక్సు మీద పడుతుంది. టీ5కు బయటి షాఫ్టు కావాలి. అంటే గొట్టం పోవాలి, గొట్టంతోపాటు ఇరుసు పోవాలి, ఇరుసుతోపాటు స్ప్రింగుల బిగింపులూ బ్రేకులూ చేతి బ్రేకు తీగా మారాలి. గేర్‌బాక్సు మార్చబోయి వెనక సగం బండిని మార్చినవారే ఎక్కువ.

పైగా ఈ మూడు గేర్ల పెట్టెలో మొదటి గేరుకు, రివర్సుకు సింక్రోనైజర్ (గేరు పడేముందు వేగాలను కలిపే భాగం) ఉండదు, రెండు, మూడుకే ఉంటుంది. అది జబ్బు కాదు, దాని పుట్టుకే అంత. డబుల్ క్లచ్, అంటే ఒక్కో గేరు మార్పుకు రెండుసార్లు క్లచ్ తొక్కడం, నేర్చుకుంటే రెండు వారాల్లో చేతికి అలవాటవుతుంది.

దూరప్రయాణం:
రెండు వారాలు నేర్చుకుని ఇరవై ఏళ్లు 70 దాటకుండా నడపాలి. అది కూడా చెప్పండి.

గ్రీజుచేతులు:
ఇద్దరూ ఆపండి. గేర్‌బాక్సు చెడిందని ఎవరు తేల్చారు? రోగం తెలియకుండానే శస్త్రచికిత్స గురించి కొట్టుకుంటున్నారు.

మూడుగేర్లు గారూ, ముందు ఇంజిను ఆపి గేర్లన్నీ వేసి చూడండి. సాఫీగా పడితే లోపల గేర్లను జరిపే ఫోర్కులతో పెద్ద ఇబ్బంది లేనట్టే. తర్వాత ఇంజిను నడుస్తుండగా క్లచ్ పూర్తిగా తొక్కి, పది వరకు లెక్కపెట్టి, రివర్స్ వేయండి. అప్పటికీ కరకరమంటే గేర్‌బాక్సు షాఫ్టు ఇంకా తిరుగుతూనే ఉంది. తప్పు క్లచ్ విడిపోకపోవడంలో ఉండవచ్చు. పెడలు పైన ఒక అంగుళం దాకా ఊరికే ఆడాలి. ఆట అంతకంటే ఎక్కువుంటే ముందు పెడలును క్లచ్‌కు కలిపే లింకేజీ సర్దండి, అంతటితో తీరిపోవచ్చు.

అది సరిగ్గా ఉన్నా కరకర పోకపోతే నా అనుమానం పైలట్ బుష్ మీద. క్రాంక్‌షాఫ్టు చివర ఉండే చిన్న కంచు గొట్టం అది. గేర్‌బాక్సు షాఫ్టు కొన అందులో కూర్చుంటుంది. ఎండిపోయి షాఫ్టును పట్టేస్తే, క్లచ్ విడిపోయినా ఇంజిను ఆ షాఫ్టును తనతో తిప్పేస్తుంది. తీయడానికి పుల్లర్ లేకపోతే బుష్ రంధ్రంలో గ్రీజు కూరి, బిగుతుగా పట్టే ఇనుప కడ్డీని దూర్చి సుత్తితో కొట్టండి. వెనకనుంచి గ్రీజు తోసుకొచ్చి బుష్ బయటికి వస్తుంది. మొదటిసారి చూసినవాళ్లకు గారడీలాగే ఉంటుంది.

దించేటప్పుడు గేర్‌బాక్సు బరువును క్లచ్ ప్లేటు మీద వేలాడనివ్వకండి, దాని నడిమి హబ్ వంగిపోతుంది. తలలు కోసేసిన రెండు పొడవాటి బోల్టులను క్లచ్‌ను కప్పి ఉండే బెల్ హౌసింగుకు బిగించి, వాటి మీదుగా వెనక్కి జరపండి. పాత ప్లేటు దుమ్మును గాలితో ఊదవద్దు, అందులో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. తడిగుడ్డతో తుడవండి.

ఇంకో మాట: గేర్‌బాక్సులో ఏ ఆయిలు పోశారు?

మూడుగేర్లు:
జీఎల్-5 రకం గేరు ఆయిలు. డబ్బా మీద మంచిదని రాసి ఉంది.

పాతఇనుము:
దాన్ని తీసేయండి. వెనక ఇరుసుకు అది మేలే, కానీ అందులోని గంధకం, భాస్వరం పాళ్లు ఇత్తడి సింక్రో రింగులను తినేయగలవు. జీఎల్-4 పోయండి.

మూడుగేర్లు (పన్నెండు రోజుల తర్వాత):
దించాను. ఇంజిను ఆపితే గేర్లన్నీ సాఫీగానే పడ్డాయి. పెడలు ఆట సరిగ్గానే ఉంది. పది వరకు లెక్కపెట్టే పరీక్షలో మాత్రం కరకరమంది. బుష్ నల్లగా మాడి, షాఫ్టు కొనకు అతుక్కుని ఉంది. గ్రీజు కిటుకు నాలుగో దెబ్బకు పనిచేసింది, నా మొహం మీద కూడా.

వణుకు సంగతి వేరు. క్లచ్ ప్లేటు తడిసి ఉంది. ఇంజిను ఆయిలేమోనని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కుళ్లిన గుడ్ల వాసన! నేను పోసిన గేరు ఆయిలే షాఫ్టు వెంట ముందుకు పాకింది. గేర్ల పళ్లు బాగున్నాయి, రివర్సు పళ్ల అంచులు మాత్రం కాస్త చిట్లాయి.

గ్రీజుచేతులు:
గేర్‌బాక్సు ముందువైపు బేరింగ్ కవరు కింది గాస్కెట్ చూడండి, ఆయిలు మట్టం కూడా. నింపే రంధ్రం అంచుకు మించి పోసి ఉంటారు. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్చండి. ఫ్లైవీల్ మీద నీలి మచ్చలున్నాయా?

మూడుగేర్లు:
రెండున్నాయి. మెషిన్ షాపుకు ఇచ్చాను.

దూరప్రయాణం:
సరే, కరకర పోతుంది, వణుకు పోతుంది. 80 దగ్గర 2,500 చుట్లు పోవు కదా.

మూడుగేర్లు:
పోవు. నాన్న ఎప్పుడూ 60 దాటలేదండీ. నేనూ దాటకుండా ఓ ఏడాది చూస్తాను. వెనక ఇరుసు బోల్టులు మాత్రం ఇప్పటికి ముట్టుకోను.