పాత హాలో బాడీ గిటార్ స్టేజీ మీద హోరెత్తితే ఏం చెయ్యాలి? (చర్చ)

కొత్తతీగ
అందరికీ నమస్కారం. మా గురువుగారు తన 1964 నాటి హాలో బాడీ ఎలక్ట్రిక్ గిటార్‌ని నెల రోజులు వాడి చూసుకోమని ఇచ్చారు. నచ్చితే నేనే ఉంచుకోవచ్చన్నారు. లోపల దిమ్మ ఏమీ లేదు, పూర్తిగా బోలు. రెండు హంబకర్లు (తీగల ఊపుని కరెంటుగా మార్చే పికప్పుల్లో ఒక రకం), పైన ల్యామినేట్ మేపుల్ చెక్క, తీగల్ని మోసే బ్రిడ్జ్ అతికించనిది. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, రాస్తే చర్చంతా పేరు మీదికే పోతుంది.

ఇంట్లో దీన్ని వదలబుద్ధి కావట్లేదు. ప్రతి నోటుకీ ముందు 'టక్'మని చిన్న చెక్క చప్పుడు, ఆ వెంటనే గుండ్రంగా స్వరం. నా సాలిడ్ బాడీ గిటార్‌ని (బోలు లేని గట్టి చెక్కది) ఎంత బతిమాలినా ఆ 'టక్' రాదు. శనివారం రిహార్సల్‌కి తీసుకెళ్లాను. రెండో పాటలో ఆరో తీగ మూడో ఫ్రెట్ మీద జీ స్వరం పట్టుకున్నాను, అంతే. గుయ్‌మని మొదలైంది. అరచేత్తో తీగలన్నీ నొక్కేసినా ఇంకా ఉంది. డ్రమ్మర్ స్టిక్స్ ఒళ్లో పెట్టుకుని నా వంకే చూస్తున్నాడు.

పైచెక్క మీది ఎఫ్ ఆకారపు రంధ్రాల్లో స్పాంజి కుక్కాలా, లోపల సౌండ్ పోస్టు అనే కర్ర పెట్టించాలా, తిరిగి ఇచ్చేయాలా?

బేస్‌బాబు
గిబ్సన్ 335 తీస్కో, లోపల దిమ్మ ఉంటది, పంచాయితీ ఉండదు.

పాతచెక్క
ఆ మూడింటిలో ఏదీ చెయ్యకు తమ్ముడూ. అరవై ఏళ్లుగా స్వేచ్ఛగా ఊగుతున్న చెక్క అది. దాని కింద కర్ర ఇరికిస్తే ముందు పోయేది నువ్వు మురిసిపోతున్న ఆ 'టక్కే'.

ముందు నిలబడే చోటు మార్చు. ఆంప్‌కీ (గిటార్ శబ్దం పెంచే స్పీకర్ పెట్టె) గిటార్‌కీ మధ్య నీ ఒళ్లు అడ్డం ఉండాలి. ఆంప్‌ని నేల మీంచి ఎత్తి కుర్చీ మీద పెట్టు, బేస్ నాబ్ సగానికి దించు. హోరు అనేది జబ్బు కాదు. గిటార్ పెట్టె లోపలి గాలికి సొంత శ్రుతి ఒకటి ఉంటుంది. నీదానికి అది జీ దగ్గర, అంటే 98 హెర్ట్జ్ దరిదాపుల్లో ఉన్నట్టుంది. స్పీకర్‌లోంచి ఆ స్వరం వస్తే పైచెక్క ఊగుతుంది, దానితో పాటు తీగలూ పికప్పులూ ఊగుతాయి, అదంతా మళ్లీ స్పీకర్‌లోకే పోతుంది. నీ గిటార్ గదిని వింటోంది. సాలిడ్ బాడీకి చెవుల్లేవు కాబట్టి దానికా బాధ లేదు.

మిక్సర్‌వెనక
చెవులున్న గిటారట. బాగుంది. మరి జనం చెవుల సంగతో?

పన్నెండేళ్లుగా సౌండ్ చూస్తున్నాను. హోరు మొదలైతే జనం గిటారిస్టు వంక చూడరు, వెనక్కి తిరిగి నన్ను చూస్తారు. ఆంప్ స్టేజీ మీద ఉంటుంది, దాని నాబ్ నా చేతిలో ఉండదు. నేను మిక్సర్ మీద ఫేడర్ (శబ్దం మీట) సున్నాకి దించేసినా అది అరుస్తూనే ఉంటుంది. నేను చెయ్యగలిగింది చేతులు కట్టుకుని తిట్లు తినడం. ఇదంతా దేనికయ్యా అంటే, ఒక ప్లైవుడ్ పెట్టె కోసం.

కొత్తతీగ గారూ, స్పాంజి కుక్కండి. పైసా ఖర్చు లేదు, నచ్చకపోతే తీసేయొచ్చు.

పాతచెక్క
ప్లైవుడ్ అనకండి.

మిక్సర్‌వెనక
మూడు పొరలు జిగురుతో అతికిస్తే ఏమంటారు మరి? పాయసమా?

పాతచెక్క
ల్యామినేట్ అంటారు. గుమ్మం తలుపుకి వాడేదాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టకండి. గిబ్సన్ వాళ్లు 1949లో ఈఎస్-175 అనే హాలో బాడీ గిటార్ తెచ్చారు, ధర 175 డాలర్లు కాబట్టే ఆ పేరు. మేపుల్ పొరల్ని అచ్చులో వంచి చేశారు. ఖర్చు తగ్గించుకోడానికే, కాదనను. కానీ ఆ గట్టి పొరల వల్ల పైచెక్క మరీ తేలిగ్గా ఊగదు. ఘనమైన స్ప్రూస్‌ని చెక్కి చేసిన వాళ్ల ఎల్-5సీఈఎస్ గిటార్ 1951లో వచ్చింది. దాన్ని మీ స్టేజీ మీద పెట్టి చూడండి, ఇంకా తొందరగా హోరెత్తుతుంది. అంటే మీరు వెక్కిరిస్తున్న ఆ ప్లైవుడ్డే మీ పని సగం తగ్గించింది. జాజ్ గిటారిస్టు జో పాస్ చేతిలో ఉన్నది కూడా ఆ 175యే. ఆయన రికార్డు విన్న ఒక్కడైనా ప్లైవుడ్ వాసన వస్తోందన్నాడా?

మిక్సర్‌వెనక
అంటే ప్లైవుడ్డే అని ఒప్పుకున్నట్టేగా.

ఆరోతీగ
పోస్టుకి రెండు లైన్ల సమాధానం సరిపోయేది, మీరిద్దరూ వడ్రంగి దుకాణం తెరిచారు.

ఉలిచెక్క
రిపేర్ పని చేస్తాను కాబట్టి నా మాట. కొత్తతీగ గారు ఒక సంగతి చెప్పలేదు. వచ్చింది బొంగురు హోరా, చెవిలో గుచ్చే కీచు కూతా? రెండూ ఒకటి కాదు. హోరు పెట్టెది. కూత సాధారణంగా పికప్‌ది. ఆ కాలం హంబకర్లలో మైనం పొయ్యలేదు, లోపల కాయిల్ చుట్టు వదులైతే అదే మైక్ అయి కూర్చుంటుంది. పికప్ మీద వేలిగోరుతో కొట్టి చూడండి, స్పీకర్లో ఖణేల్‌మని వినబడితే కూతకి కారణం అదే. మైనంలో ముంచితే కూత పోతుంది, కానీ ఒరిజినల్ పికప్‌ని ముంచే ముందు పదిసార్లు ఆలోచించండి. హోరుకి మాత్రం మైనం పనికిరాదు.

సౌండ్ పోస్టు గురించి. పాతచెక్క గారు భయపెడుతున్నంత ఘోరమేం కాదు. బ్రిడ్జ్ కింద, పైచెక్కకీ వెనక చెక్కకీ మధ్య బిగుతుగా నిలిచే చిన్న కర్ర. జిగురు వెయ్యకూడదు, అంతే. రేపు వద్దనుకుంటే ఎఫ్ రంధ్రంలోంచి లాగేయొచ్చు. హోరు బాగా తగ్గుతుంది. 'టక్' కూడా కొంత తగ్గుతుంది, అది అబద్ధం కాదు.

అన్నట్టు అది 1964దేనని ఎలా తెలిసింది? పాట్ల (నాబ్‌ల కింద ఉండే వాల్యూమ్, టోన్ కంట్రోళ్లు) వెనక 137తో మొదలయ్యే అంకెలుంటే అవి సీటీఎస్ కంపెనీవి, ఆ తర్వాత వచ్చేది ఏడాది, వారం. అయితే అది పాట్ పుట్టిన తేదీ. గిటార్ అంతకన్నా ముందుది కాదని మాత్రమే తేలుతుంది, పాట్ మార్చి ఉంటే అదీ తేలదు.

కొత్తతీగ
బొంగురు హోరే సార్, కూత కాదు. పికప్ కొట్టి చూశాను, పెద్దగా ఏం రాలేదు. పాట్లు చూడలేదు, గురువుగారి మాటే.

పాతచెక్క
ఉలిచెక్క గారూ, రోగి ఒప్పుకుంటున్నాడు కదా అని కత్తి తీసుకోవడం మీ వృత్తికి తగునా? ఆ పోస్టు కొన ఒత్తిడికి పైచెక్క లోపలి బ్రేస్ (బలానికి అతికించిన పట్టీ) ఊడితే ఎవరిది పూచీ? మా గిటార్‌కి ఒకతను ఇలాగే 'చిన్న పని' అని లోపల ఏదో అతికించాడు. మూడేళ్ల తర్వాత తీయించబోతే లోపలి పొర కూడా లేచి వచ్చింది. బొటనవేలంత ముక్క, ఇప్పటికీ కేసులో చిన్న డబ్బాలో దాచుకున్నాను.

ఉలిచెక్క
జిగురు వెయ్యకూడదని పైనే రాశాను కదండీ.

నల్లకేసు
హోరు సంగతి తర్వాత, బైండింగ్ చూశారా? నా పాతదానికి అంచు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఎండు రొట్టెలా పొడిపొడి అయిపోయింది. సెల్యులాయిడ్ చెడితే అందులోంచి వచ్చే ఆవిరి పక్కనున్న లోహాన్నీ తినేస్తుంది. మూసిన కేసులో ఏడాది వదిలేశాను, తెరిచేసరికి పికప్ కవరు మీద పచ్చటి బూజు లాంటిది. ఈ పాత గిటార్లు కొనేవాళ్లు 'టోన్ టోన్' అంటారు గానీ ఈ సంగతి ఎవరూ చెప్పరు.

బేస్‌బాబు
బ్లూస్ గిటారిస్టు బీబీ కింగ్ అంతటోడు టవల్స్ కుక్కిండు గద రంధ్రాలల్ల. ఆయన గిటార్ పేరు మీద తెచ్చిన 1980ల లూసిల్ మోడల్‌కైతే అసలు రంధ్రాలే వద్దన్నడు. మనం ఆయనకంటే ఎక్కువనా?

మిక్సర్‌వెనక
ఇదీ మాట. కంపెనీలే ఈ పని చేశాయి. 1950ల చివర్లో గ్రెచ్ కంపెనీ వాళ్లు లోపల కాళ్లు పెట్టి పైచెక్కనీ వెనక చెక్కనీ కలిపేశారు, ట్రెసిల్ బ్రేసింగ్ అంటే అదే. 1960ల్లో కొన్ని మోడళ్లకి రంధ్రాలు కొయ్యకుండా రంగుతో బొమ్మ గీసి వదిలారు. గిబ్సన్ వాళ్లు 1958లో 335కి మధ్యలో మేపుల్ దిమ్మే దించారు. చేసినవాళ్లకే తెలుసు ఇది లోపమని. ఒప్పుకోనిది పాతచెక్క గారొక్కరే.

పాతచెక్క
బీబీ కింగ్‌ది సన్నటి పెట్టె, లోపల దిమ్మ ఉన్నది. అది వేరు, ఇది వేరు. అసలు 1966 టూర్‌లో బీటిల్స్ వాళ్లు లెనన్, హ్యారిసన్ ఇద్దరి చేతుల్లోనూ ఎపిఫోన్ కసీనో గిటార్లే. దిమ్మ లేదు, పూర్తి బోలు. జనం అరుపుల్లో తమ గొంతు తమకే వినబడని చోట వాయించారు. వాళ్లకి లేని ఇబ్బంది మీకెందుకు?

మిక్సర్‌వెనక
ఎందుకంటే వాళ్ల కాళ్ల దగ్గర మానిటర్లు (వాయించేవాళ్ల వైపు తిప్పిన స్పీకర్లు) లేవు కాబట్టి. మీ మొహాన రెండు పెట్టి 'నాకు నేను వినపడట్లేదు, ఇంకా పెంచు' అనేది మీరే కదా. కసీనో కూడా సన్నటిదే. ఇందాక బీబీ కింగ్‌కి సన్నటిదని కొట్టేశారు, ఇప్పుడు సన్నటిదే మీకు సాక్ష్యమా?

మాటలెందుకు, అసలు విషయం చెప్పనా? మీలాంటి వాళ్లకి గిటార్ వాయించడం కన్నా గిటార్‌ని భరించమనడం ఇష్టం. బ్యాండ్ మొత్తం మీ పెట్టె చుట్టూ తిరగాలి.

పాతచెక్క
నోరు జారకండి. నన్ను ఎరిగినట్టు మాట్లాడుతున్నారు.

అయితే నేనూ చెప్తాను. ఆరేళ్లు ఒక బ్యాండ్‌లో ఉన్నాను. మొదట్లో నలుగురం చిన్న గదిలో, డ్రమ్మర్ బ్రష్‌లతో వాయించేవాడు, నా గిటార్ ఎప్పుడూ హోరెత్తలేదు. గిటార్ మారలేదు, తీగలు మారలేదు, ఆంప్ మారలేదు. డ్రమ్మర్ మారాడు. కొత్తతను స్టిక్స్ పట్టాడు. బేస్ అతను పెంచాడు, పాడేవాడు పెంచాడు, నేనూ పెంచక తప్పలేదు. హోరు మొదలైంది. అప్పుడు అందరూ తిరిగి ఎవరి వంక చూశారు? నా వంక. ఒక్కడూ డ్రమ్మర్ వంక చూడలేదు. 'నీ గిటార్‌తో కుదరదు' అని ఫోన్లో చెప్పారు, ఎదురుగా కూడా కాదు. నా చోటికి ఒక సాలిడ్ బాడీ కుర్రాడొచ్చాడు.

స్పాంజి కుక్కు, కర్ర పెట్టు, రంధ్రం మూసెయ్యి అని మీరంతా ఉచితంగా పంచుతున్న సలహా అప్పుడు నాకు అందరూ ఇచ్చారు. కొంచెం మెల్లగా వాయిద్దాం అని మాత్రం ఎవరి నోటా రాలేదు.

ఆరోతీగ
ఓహ్.

మిక్సర్‌వెనక
సరే. ఫోన్లో చెప్పడం తప్పే. దాన్ని నేను సమర్థించను.

కానీ ఇటు నుంచి కూడా చూడండి. బయట, తెరిచిన చోట, వెనక వరసలో నిలబడ్డవాడికి కూడా వినపడాలి. బ్రష్‌లతో అక్కడ ఏం వినబడుతుంది? ఒక్క వాయిద్యం కోసం మిగతా నలుగురూ గొంతు తగ్గించుకోవాలంటే అది బ్యాండా, పూజగదా? గిటార్‌కి అసలు కరెంటు పెట్టింది ఎందుకు? బ్యాండ్‌లో ఎవరికీ వినపడక. 1936లో గిబ్సన్ వాళ్ల ఈఎస్-150 ఎలక్ట్రిక్ గిటార్ వచ్చింది గట్టిగా వినపడడానికే. ఇప్పుడదే జాతి గిటార్ పట్టుకుని 'గట్టిగా వాయించొద్దు' అంటే ఎలా?

పాతచెక్క
మీ ఉదాహరణే తీసుకోండి. జాజ్ గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ 1939లో బెన్నీ గుడ్‌మన్ బ్యాండ్‌లో చేరినప్పుడు పట్టుకున్నది ఆ 150యే. ఆంప్ పదిహేను వాట్ల దరిదాపు. మీ మానిటర్ ఒక్కదాని పవరులో ఎన్నో వంతో మీరే లెక్క వెయ్యండి. పక్కన అన్ని ఇత్తడి వాయిద్యాలు ఉండి కూడా ఆయన వినపడ్డాడు. ఎందుకంటే సోలో వచ్చినప్పుడు మిగతావాళ్లు జాగా ఇచ్చారు. కరెంటు ఆయన్ని మిగతావాళ్లకి సమానం చేసింది. మీరు కరెంటుతో అందరినీ ఒకరి మీద ఒకరికి ఎక్కిస్తున్నారు.

నాకు స్పాంజి మీద కోపం లేదు. ఎవరు తగ్గాలి అన్నప్పుడు ప్రతిసారీ గిటారే తగ్గాలా అన్నదే నా గోల.

మిక్సర్‌వెనక
ప్రతిసారీ గిటార్ అనట్లేదు. హోరెత్తేది తగ్గాలి. డ్రమ్స్ హోరెత్తవు.

బేస్‌బాబు
మా డ్రమ్మర్‌ని చూడలే నువ్వు.

ఉలిచెక్క
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. అడిగినాయన ఒకరున్నారు. కొత్తతీగ గారూ, ఈ వారం రంధ్రాల మీద లోపలివైపు నుంచి దళసరి అట్ట ఆనించి చూడండి. పైన టేపు మాత్రం వెయ్యకండి, ఆ కాలం నైట్రో లాకర్ పాలిష్ టేపుతో పాటు లేచి వస్తుంది. అట్ట పెడితే పెట్టె శ్రుతి కిందికి జారుతుంది, జీ దగ్గర ఊరట దొరకొచ్చు. బ్రిడ్జ్ కదలకుండా చూసుకోండి, ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ మీదా శ్రుతి కుదరడం) పోతే ఆ తలనొప్పి వేరు.

కొత్తతీగ
అందరికీ థాంక్స్. నిన్న మళ్లీ రిహార్సల్ జరిగింది. అట్ట పెట్టాను. ఆంప్ కుర్చీ మీదికెక్కింది, బేస్ నాలుగు మీద, నేను మధ్యలో అడ్డం. మొదటి పాట మొత్తం జీ హాయిగా నిలబడింది. రెండో పాట పల్లవి దాకా కూడా బాగానే ఉంది. చరణంలో డ్రమ్మర్ క్రాష్ సింబల్ మీదికి వెళ్లాడు, పాడే అతను మానిటర్ పెంచమన్నాడు, నేను ఆంప్ రెండు గీతలు పెంచాను. మళ్లీ గుయ్.

ఈసారి ఆగి, పాతచెక్క గారు రాసిందే అడిగాను, చరణంలో కొంచెం మెల్లగా వాయిద్దామా అని. డ్రమ్మర్ 'నీ గిటార్‌కి ఏదో అయింది, చూపించుకో' అన్నాడు.

గిటార్ ఉంచుకుంటాను. అతనికి మాత్రం ఎవరైనా పెద్దవాళ్లు చెబితే బాగుండు. బేస్‌బాబు అన్నా, నువ్వు మా బ్యాండేగా?

బేస్‌బాబు
నేను జెప్ప.