రెండు శనివారాల బొంత పని: సామాను, బాధ్యతలు

సమన్వయం:
అందరికీ నమస్కారం. నెల్లూరు, ప్రకాశం వాళ్ళం కలిసి చేసే ఈసారి కార్యక్రమంలో పాటలు, డాన్సులు లేవు. కీమో నడుస్తున్నవాళ్ళు, ఊళ్ళో అమ్మో నాన్నో పోతే కడసారి చూపుకు వెళ్ళలేకపోయినవాళ్ళు, ఉద్యోగం పోయి 60 రోజుల వీసా గడువు లెక్కపెట్టుకుంటున్నవాళ్ళు మన డాలస్‌లోనే ఉన్నారు. వాళ్ళకు ఓదార్పు మాటలకన్నా చేతికో పని ఇద్దామని. మూడు చిన్న బొంతలు, ఒక్కోటి 36 అంగుళాల చదరం. ఒక్కరోజులో తేలుతుందా?

కుట్టు బల్ల:
తేలదు. రంగు వేసిన గుడ్డ కనీసం 24 గంటలు ఆరాలి. పచ్చిగా ఉండగా ఇస్త్రీ చేస్తే పెట్టెకు రంగు అంటుకుంటుంది. మొదటి శనివారం రంగులు, రెండోదానికి కుట్టు.

బొంతకు 16 ముక్కలు, 4 వరసల్లో. సగం రంగులు వేసినవి, సగం పాత చీరలవి, చదరంగం గళ్ళ మాదిరి. ఒక్కో ముక్క 9.5 అంగుళాలు, చుట్టూ పావు అంగుళం అతుకులోకి పోతుంది. అంటే మూడు బొంతలకు రంగు ముక్కలు 24, చీర ముక్కలు 24. తెల్ల నూలు గుడ్డ 44 అంగుళాల పన్నా ఉన్నది 3 గజాలు చాలు. ముందు 12 అంగుళాల లెక్కన కోద్దాం. తడిసి, ఆరి, ఇస్త్రీ అయ్యాక గుడ్డ కాస్త ముడుచుకుంటుంది, 9.5కి అప్పుడు సరిచేసుకోవచ్చు.

నెల్లూరు వైపు:
చీరలు ఎన్ని పంపాలక్కా? ఇంట్లో వెంకటగిరి నూలువి పాతవి ఉండాయి. ఒంగోలు పిన్ని వాళ్ళూ ఇస్తామన్నారు.

కుట్టు బల్ల:
ఆరు. బొంతకు అడుగు గుడ్డ ఒకటి, లోపలి పొరలు రెండు, 40 అంగుళాల చదరాలు. మొత్తం తొమ్మిది. అయిదున్నర మీటర్ల చీరలో లెక్కకు అయిదు వస్తాయి గానీ, కుచ్చిళ్ళ దగ్గర, నడుము దగ్గర పలచబడి ఉంటుంది. వెలుతురుకు ఎత్తి చూడండి, జల్లెడలా కనిపించిన చోట వదిలేయండి. చీరకు మూడే దక్కాయనుకోండి, ఈ తొమ్మిదికే మూడు చీరలు పోతాయి. మిగతా మూడు పై ముక్కలకు. ఫాల్ ఊడదీయండి, జరీ అంచు కోసేయండి, ఒంటికి గీరుకుంటుంది. గంజి మొత్తం పోవాలి, గంజి గుడ్డలో సూది దిగదు. పాలిస్టర్ కలిసినవి ఒక్కటి కూడా వద్దబ్బా, నూలు పొరల మధ్య జారిపోతాయి. ఎర్రవీ నీలివీ అయితే తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే ఆ చీర పక్కన పెట్టండి.

రంగుల బల్ల:
పెన్ కలంకారీ చేయిద్దామా? శ్రీకాళహస్తి మనకు పక్కనే కదా, అందరికీ ఇష్టం.

కుట్టు బల్ల:
ఇష్టమే, కానీ కుదరదన్నా. గుడ్డను కరక్కాయ, పాలల్లో నానబెట్టి ఎండబెట్టాలి. నల్లరంగుకు తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్ళలో వారాల తరబడి పులియాలి. ఆ వాసన కీమోలో ఉన్నవాళ్ళ ముందు పెట్టలేం, నీళ్ళ వాసనకే కడుపులో తిప్పే రోజులవి. ఫ్యాబ్రిక్ పెయింట్, వాసన లేనిది తీసుకోండి.

రంగుల బల్ల:
సరే. గుడ్డ కింద ప్లాస్టిక్ చుట్టిన అట్ట, నాలుగు మూలలా టేపు. కుంచె నీళ్ళలో ముంచాక గుడ్డపీలికకు అద్ది తీరాలి, తడి ఎక్కువైతే గీత పక్కకు పాకుతుంది. రెండు పలుచటి పూతలు. మందంగా వేస్తే ఆరాక అట్టలా బిగుసుకుని సూది విరుగుతుంది. అందుకే బొమ్మ నడిమధ్య 6 అంగుళాలు దాటకూడదు, కుట్టు దాని చుట్టూనే తిరుగుతుంది. ఆరాక వెనకవైపు నుంచి ఆవిరి లేకుండా ఇస్త్రీ.

బొమ్మ గీయడం రాదనేవాళ్ళకు?

కుట్టు బల్ల:
చుక్కల ముగ్గు. అంగుళానికో చుక్క పెట్టి ఇచ్చేస్తే చేయి దానంతటదే కదులుతుంది. చీర ముక్కల మీద కుట్టు గీతకూ అదే వాడదాం. మెలికల ముగ్గు ఎక్కడా తెగదు కనక మాటిమాటికీ ముడి వేసే పని తగ్గుతుంది.

పొరలు పరిచాక వేరే రంగు దారంతో 4 అంగుళాలకో వరస, తర్వాత ఊడదీసే టాకాలు, నడిమి నుంచి బయటికి. అంచుల నుంచి మొదలుపెడితే మధ్యలో పొంగి కూర్చుంటుంది, విప్పడం తప్ప దారి లేదు. దారం మూరెడే తీసుకోవాలి, పొడుగైతే చిక్కు పడుతుంది.

సమన్వయం:
చికిత్సలో ఉన్నవాళ్ళకు సూది ఇవ్వొచ్చా?

కుట్టు బల్ల:
ప్లేట్‌లెట్లు తక్కువున్నవాళ్ళను రంగుల బల్లకే కూర్చోబెట్టండి. కీమోతో కొందరికి వేలి కొనలు తిమ్మిరెక్కుతాయి, సూది గుచ్చుకున్నా తెలీదు. డాక్టరు సరేనన్నవాళ్ళకు మాత్రం దారం ఎక్కించిన సూదులు 20 సిద్ధంగా ఉంచుదాం, వేలికి తొడుగు తప్పనిసరి. రాలేనివాళ్ళకు ఒక్క ముక్క, రెండు రంగులు, ఒక కుంచె కవర్లో పెట్టి ఇంటికి పంపిద్దాం. ఎప్పటికివ్వాలో మాత్రం చెప్పొద్దు. ఆ ముక్క రాకపోతే చీర ముక్క పడుతుంది, బొంత ఆగదు.

నెల్లూరు వైపు:
చీరలు వేన్నీళ్ళలో ఉతికి, ఎండలో ఆరేసి పంపిస్తాం. ఎట్టా చూసినా మూడు కిలోలు దాటదు. వచ్చేవాళ్ళెవరో చెప్తే పెట్టెలో సర్దించేస్తా. టైలర్ సుద్దలు కూడా పెట్టనా?

కుట్టు బల్ల:
తెల్లవి పెట్టు. రంగు సుద్దలు వద్దు, ఇస్త్రీ తగిలితే మరక నిలిచిపోతుంది.