అప్‌డేట్: చెల్లె జీతం రికవరీ మెమో ఆగింది

మా చెల్లెకు జీతం వెనక్కి కట్టమని మెమో వచ్చింది, ఏం చేయాలని అప్పుడు అడిగింది గుర్తుండే ఉంటుంది. హన్మకొండలో ఒక ప్రభుత్వ ఆఫీసులో ఆమెకు జూనియర్ అసిస్టెంట్‌గా ఆర్డర్ ఇచ్చి, కొన్ని నెలలు పని చేయించుకున్నాక, రోస్టర్ పాయింట్ (ఏ పోస్టు ఏ రిజర్వేషన్ కేటగిరీకో చెప్పే వరుస నంబర్) తప్పు పడింది, నియామకం రద్దు, తీసుకున్న జీతమంతా చలానా కట్టమని మెమో ఇచ్చారు. బాపు అయితే ప్లాట్ అమ్ముదామనే దాకా వచ్చాడు.

ఇప్పుడు ఆ రికవరీ మెమో వెనక్కి తీసుకున్నారు. వకీలు సాబ్ చెప్పినట్టు రిప్రజెంటేషన్ (ఆఫీసుకు రాతపూర్వక విన్నపం) రాసి, జాయినింగ్ రిపోర్ట్, అటెండెన్స్ రిజిస్టర్ జిరాక్సు (రోజూ ఆమె సంతకం, పక్కన సూపరింటెండెంట్ పొట్టి సంతకం) జత చేసి అందినట్టు ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకున్నాం. అందులో 2014 నాటి రఫీక్ మసీహ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు పెట్టాం. ఆఫీసు పొరపాటున ఎక్కువ ఇచ్చిన జీతాన్ని క్లాస్ 3, క్లాస్ 4 (క్లర్కు, అటెండర్ లాంటి కింది స్థాయి) ఉద్యోగుల దగ్గర వసూలు చేయొద్దని ఆ తీర్పు. మాది అచ్చంగా అదే కేసు కాదు, కానీ ఆమె ఏమీ దాచలేదు, దొంగ సర్టిఫికెట్ పెట్టలేదు, పైగా చేసిన పనికే జీతం తీసుకుంది. తప్పు వాళ్లది, కట్టేది ఈ పిల్లనా?

ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు, ఆఖరి నెల జీతం బిల్లు కూడా ఇంకా ట్రెజరీకే పోలేదు. రోస్టర్ రిజిస్టర్ కాపీ కోసం ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు వేశాం, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అది చూశాకే హైకోర్టు సంగతి. ఇలాంటి మెమో వస్తే మాత్రం టెన్షన్‌లో చలానా కట్టేయకండి, ముందు రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టండి.